బొంత కప్పుకున్న తొట్టె

కొల్లేటి చెరువులు వేసవిలో కుతకుతలాడడం మొదలైన నాటినుండి ఆ ప్రాంతంలో ప్రతి ఇంటి వసారాలోనూ జంతుప్లవకాలను పెంచడానికి కరెంటుతో చల్లబరిచే తొట్టె ఒకటి వెలసింది. వేడినీటిలో ఆ ప్లవకాలకు, అంటే నీటిలో తేలియాడే ఆ చిన్న జీవాలకు, మేలైన కొవ్వు పట్టదు. ఆవగింజలో సగమైనా లేని ఆ ప్రాణులను తిని బతకవలసిన చేపపిల్లలు, ఆ కొవ్వు అందక చచ్చి తేలేవి. అందుచేత భూలక్ష్మి తన తొట్టెను పసిబిడ్డలా చూసుకునేది. అందులోని ప్లవకాలను చెరువులోని కొత్త చేపపిల్లలకు మేతగా వేయవలసిన రోజు రానే వచ్చింది, ఇక ఒక్కరోజే మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఆమె సంతనుండి తిరిగివచ్చేసరికి తొట్టెమీద అత్తగారి పాతబొంత కప్పి ఉంది.

"ఇదేం పనండి అత్తయ్యా! చల్లగా ఉంటేనే వాటికి కొవ్వు పడుతుందని ఎన్నిసార్లు చెప్పానండి?"

"నీకు పట్టిందిలే కొవ్వు!" అన్నారు సూరాయమ్మగారు. "పొద్దున్నే తొంగిచూశాను. మూగజీవాలు, గజగజా వణికిపోతున్నాయే!"

"అది వణకడం కాదండి, ఈదడం!"

బొంత లాగబోతూ భూలక్ష్మి గోడవైపు చూసింది. తొట్టె మీటకున్న దీపం వెలగడం లేదు.

"కరెంటు పోయి నాలుగు గంటలైంది వదినా, మా తొట్టె గోరువెచ్చగా అయిపోయింది," అని పక్కింటావిడ గోడమీదుగా వాపోయింది.

భూలక్ష్మి బొంత కిందికి చెయ్యి పోనిచ్చి నీటిలో వేళ్ళు ముంచింది. చల్లగా జివ్వుమన్నాయి. బయటి ఎండవేడిని బొంత లోపలికి రానివ్వలేదు.

"తీసెయ్యమంటావా?" అన్నారు అత్తగారు మూతి ముడుచుకుని.

భూలక్ష్మి లోపలికి వెళ్ళి, తన కొత్త దుప్పటి తెచ్చి బొంతమీద కప్పింది.

"ఉండనివ్వండి అత్తయ్యా. పాపం, చలేస్తోంది వాటికి."