తప్పులు పట్టే మనిషి

“నా వెంట వచ్చేది మా కోడలు. వీడు కాదు,” అంటూ ఆవిడ కొడుకుని పక్కకు నెట్టేసింది.

ఆ ఆసుపత్రిలో మతిమరుపు జబ్బుకు, సెలైన్‌లా నరంలోకి ఎక్కించే కొత్త మందును పరీక్షిస్తున్నారు. అందులో చేరాలంటే, పేషెంటులో మార్పులన్నీ దాచకుండా చెప్పే మనిషి ఇంట్లోంచి ఒకరు రావాలని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

“వీడు నా మీద ఈగ వాలనివ్వడు. నేను స్టవ్ ఆపడం మర్చిపోతే, మర్చిపోయింది తనే అంటాడు. ఇదైతే కాపురానికొచ్చిన రోజు నుంచీ నా తప్పులు పడుతూనే ఉంది.”

“మీరేమన్నా తక్కువ తిన్నారా?” అంది కోడలు.

అత్త నోరు తెరిచింది. మాట దొరకలేదు.

డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. “ఈమధ్య ఏం మార్పు చూశారమ్మా?”

“పోట్లాడుకునేటప్పుడు ఇలాగే మధ్యలో ఆగిపోతున్నారండీ.” కోడలు తల దించుకుంది. “రోజూ నేనే గెలుస్తున్నాను.”

డాక్టరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది.

“పోయింది తిరిగి రాదమ్మా,” అంది డాక్టరమ్మ. “మిగిలినదాన్ని ఈ మందు నిలబెడుతుందేమో చూడాలి.”

అత్త బల్ల మీదికి చెయ్యి చాపింది.

“ఎక్కించండి. దీని నోరు మూయించడానికి ఆ మిగిలింది చాలు.”