మైనపు విందు

"చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ నోరూరడం లేదండీ," అంది గ్యాలరీ ఆవిడ, బల్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి.

మైనమ్మ గుండెలో రాయి పడింది. హోటళ్ళవాళ్ళు అద్దాల వెనక పెట్టుకునే ఉత్తుత్తి వంటకాలను మైనంతో పోసి, రంగులద్దడం ఆమె పని. స్నేహితులు ఆ పేరు పెట్టింది అందుకే. వసంతకాలం ప్రదర్శన కోసం ఈసారి పెద్ద బల్ల నిండా విందే పరిచింది. రొట్టెలు, కోసిన నారింజలు, ద్రాక్షగుత్తులు, మధ్యలో స్ట్రాబెర్రీల క్రీము కేకు, ఆ కేకులోంచి కోసి పళ్ళెంలో పెట్టినట్టు ఒక ముక్క. చలికాలమంతా కంటిమీద కునుకు లేకుండా చేసింది.

"అయితే తీసెయ్యమంటారా?"

"సాయంత్రం తలుపులు మూసేలోపు ఒక్కరంటే ఒక్కరు నిజం తిండే అనుకుని చెయ్యి చాపాలి. చాపితే వసంతమంతా ఉంచుతాను. అందుకే 'తాకరాదు' అన్న అట్ట కూడా తీయించేశాను. ఎవరూ చాపకపోతే రేపు ఈ గదిలోకి వేరేవాళ్ళ బొమ్మలొస్తాయి. ఏమీ అనుకోకండి."

ఆ మాట విన్నాక అనుకోకుండా ఎవరుంటారు? మైనమ్మ మూలనున్న కుర్చీలో కూలబడింది.

కిటికీ బయట ఊరు ఊరంతా వీధిలోనే ఉంది. కోట్లు విప్పి భుజాన వేసుకున్నవాళ్ళు, ఐస్‌క్రీమ్ కారిపోకుండా గబగబా నాకేస్తున్నవాళ్ళు, పూసిన చెట్ల కింద కుర్చీలు లాక్కుని కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు. ఎవరో గిటారు వాయిస్తున్నారు, కాస్త శ్రుతి తప్పినా ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ హుషారు చూస్తుంటే ఆమెకు ఇంకా నీరసమొచ్చింది.

జనం వస్తూనే ఉన్నారు. "అబ్బ, ఎంత నిజంలా ఉందో!" అని మెచ్చుకుని పోతున్నారు. ఆ మెప్పే ఆమె ప్రాణం తీస్తోంది. నిజంలా ఉందన్నారంటే నిజం కాదని తెలిసిపోయినట్టే కదా.

ఒక ముసలాయన మాత్రం బల్ల దగ్గర ఆగాడు. కేకు ముక్క మీదికి వంగాడు. చెయ్యి కదిలింది. మైనమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఆ చెయ్యి జేబులోకి వెళ్ళి, రుమాలు తీసి, ముక్కు తుడుచుకుంది.

"ఏమే, మొహం అలా వేలాడేసుకున్నావేం?" అంటూ చేతిలో పళ్ళెంతో వచ్చింది టీచరమ్మ. పిల్లలకు పియానో నేర్పుతుంది. వెనకే కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మిత్రుడు. వాణ్ణి అందరూ సులోచనాలు అనే పిలుస్తారు. "లే, లే. కింద బేకరీ బయట టేబుల్ దొరికింది. ఇలాంటి సాయంత్రం మళ్ళీ రాదు."

మైనమ్మ సంగతంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు సులోచనాలు. గది బయటికెళ్ళి, ఈల వేసుకుంటూ కొత్తగా లోపలికొచ్చి, సరిగ్గా గ్యాలరీ ఆవిడ ముందు ఆగాడు. "అరె, ద్రాక్షపళ్ళు! ఒకటి తీసుకోవచ్చాండీ?"

"ఇందాకా మీరు ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పలేదూ?" అంది ఆవిడ.

చాపిన చేత్తోనే ద్రాక్షల మీద లేని దుమ్ము దులిపి, వాడు వెనక్కొచ్చేశాడు.

"ఉన్న కాస్త పరువూ తీశావు కదరా," అంది మైనమ్మ. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదామెకు. "నా వల్ల కాదింక. రేపట్నుంచి కొవ్వొత్తులు పోసుకుంటాను. అక్కడ మైనం మైనంలా ఉంటే చాలు."

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?" అంది టీచరమ్మ.

"ఆకలెక్కడే?"

"నువ్వు పిలిస్తేనే వస్తుందా ఆకలి? ఇదిగో, కింద బేకరీ కేకు. నువ్వు చూసి చూసి బొమ్మ చేశావే, అదే కేకు. కనీసం ఒక ముక్క తిను."

"బల్ల చివర పెట్టు. తర్వాత తింటాను."

టీచరమ్మ పళ్ళెం అక్కడ పెట్టి, "నీ కుర్చీ ఎవరికీ ఇవ్వం, తొందరగా దిగిరా," అని స్నేహితుణ్ణి లాక్కుపోయింది. కాసేపటికి కింద వాళ్ళ నవ్వులు వినిపించాయి. మైనమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తనూ అక్కడ ఉండాల్సిన మనిషే.

ఎండ బల్ల మీదినుంచి గోడమీదికి పాకింది. జనం పలచబడ్డారు. ఎవ్వరూ చెయ్యి చాపలేదు. గ్యాలరీ ఆవిడ కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది.

"ఇక కట్టేద్దామాండీ?"

"కట్టేద్దాం," అంది మైనమ్మ.

అనేశాక ప్రాణం తేలికపడింది. ఇక ఎదురుచూడక్కర్లేదు. అప్పుడు గుర్తుకొచ్చింది కడుపుకి, పొద్దుట్నుంచి తనలో ఏమీ పడలేదని. నిద్రకు కళ్ళు మూతలు పడుతుండగా లేచి, బల్ల దగ్గరికి నడిచి, కేకు ముక్క అందుకుని ఆవురావురుమంటూ కొరికింది.

తీపి తగల్లేదు. పళ్ళు దిగినచోటే అతుక్కుపోయాయి.

నోట్లో ముక్కతోనే కళ్ళు తెరిచి చూసింది. బల్ల చివర టీచరమ్మ పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది. క్రీము కరిగి, స్ట్రాబెర్రీ జారి, అసలు తినాలనే అనిపించని అవతారంలో ఉంది నిజం కేకు.

గ్యాలరీ ఆవిడ చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. మైనమ్మ వైపు, బల్ల వైపు, మళ్ళీ మైనమ్మ వైపు చూసింది.

"ఒక్కరు చాలన్నాను కదా. వసంతమంతా ఉంచుతాను," అంది. "రేపు పొద్దున్నే వచ్చి ఆ ముక్కొక్కటి మళ్ళీ చేసి పెట్టండి. ఎవరో కొరికేశారు."