వేడి తగలని జడ

"ఈ యంత్రం నా ఇంట్లో పనిచెయ్యడానికి వీల్లేదు," అని సీతామహాలక్ష్మి కోడలి హెయిర్ స్ట్రెయిటనర్‌ని బీరువాలో పడేసి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది.

సుప్రజకు ఏడుపొక్కటే తక్కువ. తెల్లారితే ఇంటర్వ్యూ. శామీర్‌పేట చెరువు దారిలో కొత్తగా తెరిచిన రిసార్టులో రిసెప్షనిస్టు ఉద్యోగం. మొదటిసారి వెళ్లినప్పుడు మేనేజరు అన్నీ బాగున్నాయన్నాడు. తల వైపు మాత్రం ఒక చూపు చూసి, "సోమవారం మళ్లీ రండి. జుట్టు కాస్త నీట్‌గా ఉంటే బాగుంటుంది," అన్నాడు.

ఆమెది ఉంగరాల జుట్టు. ఔటర్ రింగు రోడ్డు ఇంకా పడని ఆ రోజుల్లో నాగారం నుంచి ఆటోలు మారి శామీర్‌పేట చేరేసరికి అది ఏ అవతారం ఎత్తుతుందో చెప్పనక్కర్లేదు. ఈ ఉద్యోగం కూడా చేజారితే డిగ్రీ పట్టా గోడకు తగిలించి, డాబా మీద వడియాలు పెట్టుకుంటూ కూర్చోవాల్సిందే.

"ఒక్క రోజుకి అత్తయ్యా," అంది.

"ఒక్క రోజని మొదలెట్టి రోజూ పెడతావు. ఇస్త్రీ పెట్టె బట్టలకమ్మా, తలకి కాదు. వేడి తగిలితే జుట్టు ఎండుగడ్డి అయిపోతుంది. కొసలు చిట్లుతాయి. తర్వాత ఏ నూనె రాసినా లాభం లేదు." ఆవిడ జడను భుజం మీదుగా ముందుకు వేసుకుంది. "ఇదిగో, చూడు. దీనికి ఈ రోజువరకు వేడన్నది తగల్లేదు."

అందులో అబద్ధం లేదు. సీతామహాలక్ష్మి తలకు సాంబ్రాణి పొగ కూడా తగలనివ్వదు. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించదు, తలుపు చాటునుంచి చూసి ఆనందిస్తుంది. పొయ్యి దగ్గరికి వెళ్తే జడను చుట్టి కొంగు కింద దాచుకుంటుంది. ఆ శ్రద్ధకు తగ్గట్టే జడ నడుము దాటి, నల్లగా, నున్నగా ఉంటుంది. కాలనీ ఆడవాళ్లందరూ దాని రహస్యం అడిగినవాళ్లే. అందరికీ ఆవిడ మందారపూలు, గుంటగలగరాకు వేసి కాచిన కొబ్బరినూనె గురించి చెప్పింది. పక్కింటి రుక్కమ్మ ఆ నూనె కాచీ కాచీ రెండు మూకుళ్లు మాడ్చింది గానీ, ఫలితం ఇంకా తలదాకా రాలేదు.

సుప్రజ ప్రహరీగోడ దగ్గరికి వెళ్లి ఆ రుక్కమ్మనే అడిగింది. "మీ అమ్మాయి వర్ష కూడా మిషను పెట్టుకుంటుంది కదండీ, ఏమైనా అయిందా?"

"ఏం గాలే. మస్తు సక్కగుంటాంది. కాలేజీకి పోతాంటే అందరు మల్ల మల్ల చూస్తరు," అంది రుక్కమ్మ. మళ్లీ తనే గొంతు తగ్గించింది. "గని కొసలు జర తెగుతున్నయ్ బిడ్డా, అబద్ధమెందుకు. మీ అత్త జడ జూస్తే ఆమె చెప్పిందే నిజమనిపిస్తాంది."

మొగుడు విశ్వతేజ అంతకన్నా పనికిరాకుండా పోయాడు. "మా అమ్మ జడ జోలికి నన్ను లాగకు. చిన్నప్పుడొకసారి పట్టుకుంటే వీపు విమానం మోత మోగింది," అని బండి తీసుకుని బయటికి జారుకున్నాడు.

ఎవరిని అడిగినా చివరికి ఆ జడ దగ్గరికే వస్తున్నారు. సరే, ఆ జడ చేతే చెప్పిద్దాం అనుకుంది సుప్రజ. పెళ్లికి ముందు కాలేజీ రోజుల్లో తను మిషను వాడింది. ఒక్కసారి పైపైన లాగితే ఏ జుట్టుకూ ఏమీ కాదని తనకు తెలుసు. ఆవిడ జడ కొసకే ఒకసారి తగిలించి, లేచాక చూపిస్తే ఇక మాట్లాడటానికేం ఉండదు.

వర్ష మిషను అడిగి తెచ్చుకుంది.

భోజనం అయ్యాక సీతామహాలక్ష్మి ముందుగదిలో వాలుకుర్చీలో కునుకు తీసింది. జడ కుర్చీ వెనక్కి జారి నేలను తాకుతోంది. పక్కనే ప్లగ్గు. మిషను మీద ఎర్ర దీపం పచ్చగా మారింది. సుప్రజ ఊపిరి బిగబట్టి, జడ కొసను రెండు పలకల మధ్య పెట్టి నొక్కింది.

మిషను జారలేదు. సుప్రజ గట్టిగా లాగింది.

సీతామహాలక్ష్మి కెవ్వున అరిచి లేచింది. సుప్రజ భయంతో కళ్లు మూసుకుంది. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఇక కాపురం నిలిస్తే చాలనుకుంది.

"ఏమైందమ్మా, ఏంది గా అరుపు?" గోడ అవతల నుంచి రుక్కమ్మ.

సీతామహాలక్ష్మి గబగబా కొంగు తలమీదుగా కప్పుకుంది. "ఏం లేదు రుక్కమ్మగారూ, బల్లి పడింది."

తర్వాత కోడలి వైపు తిరిగింది. సుప్రజ తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది. తిట్లు రాలేదు.

"ముందా కిటికీ వెయ్యి," అంది అత్తగారు మెల్లగా. బొడ్లోంచి తాళంచెవి తీసి అందించింది. "పైఅరలో ఉంది నీ మిషను. రేపు చక్కగా పెట్టుకుని వెళ్లు. ఆ మాటకొస్తే రోజూ పెట్టుకో. అబ్బాయికి మాత్రం చెప్పకు."

తాళంచెవిని సుప్రజ ఎడమచేత్తో అందుకోవాల్సి వచ్చింది. కుడిచేతిలో ఉన్న వర్ష మిషనుకు కరిగి అతుక్కుపోయిన అత్తగారి నైలాను సవరం ఇంకా వేలాడుతూనే ఉంది.