నాలుగో బోల్టు

"కుతుబన్నా, సింకు మల్లొక దిక్కు దిగింది" అని పద్మమ్మ ఫోన్ చేస్తే, కుతుబుద్దీన్ జవహర్‌నగర్ నుంచి షామీర్‌పేటకు బండి మీద వచ్చాడు. తను ఆ సింకు బిగించిన ఆర్నెల్లలో ఆమె పిలవడం ఇది నాలుగోసారి.

వంటగట్టు గ్రానైటు కింద ఆ సింకును నాలుగు బోల్టులు మోస్తున్నాయి. మొదట్లో వచ్చినప్పుడల్లా అతను మూడింటినే పానాతో బిగించి, నాలుగోదాన్ని చేత్తో తిప్పి వదిలేసేవాడు. ఇక్కడైతే పద్మమ్మ చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, రొట్టె తిన్నావా అని అడుగుతుంది. తన గదిలో టీవీ ఒక్కటే మాట్లాడుతుంది.

పోయినసారి మాత్రం తన పనికి తనకే సిగ్గేసి, నాలుగింటినీ పానాతోనే గట్టిగా బిగించి వెళ్లాడు. ఇక పిలుపు రాదనుకున్నాడు.

ఇప్పుడు కిందికి వంగి చూస్తే, నాలుగో బోల్టు వదులుగా వేలాడుతోంది. పక్కనే, గిన్నెల సబ్బు డబ్బా వెనకాల, కొత్త పానా ఒకటి ఉంది.

అతను తలెత్తి చూశాడు. పద్మమ్మ అటు తిరిగి రెండు గ్లాసుల్లో చాయ్ పోస్తోంది.

"ఏమైందే అన్నా?"

"నీళ్ల బరువక్కా. నెలనెల వచ్చి చూడాలె" అన్నాడు, ఆ పానాను డబ్బా వెనక్కి ఇంకాస్త జరుపుతూ.