పాస్ లేని దారి

కారు మళ్ళీ గుర్రుమని ఆగిపోయింది. అనంతలక్ష్మి కళ్ళు మూసుకుని, ఇలాంటి వాళ్ళకు కూడా లైసెన్సు ఇచ్చిన ఆ మహానుభావుడు ఎవరో అనుకుంది.

"క్లచ్ ఒక్కసారే ఇడిస్తే ఆగదా మరి? ఎవలు నేర్పిండ్రే నీకు?"

"నేర్సుకుంటున్ననక్కా," అంది దీపాలి బెదురుగా.

వెనక సీట్లో దేవకి మరమరాలు నములుతూ కిటికీ వైపు తిరిగింది. దేవకితో అనంతలక్ష్మికి రైల్వే క్వార్టర్ల నాటి స్నేహం. ఈ దీపాలిని తెచ్చింది ఆవిడే. దెగ్లూర్ మనిషట, దేవకి చుట్టాలింటి పక్కన ఉంటుందట, కారు కొత్తగా నేర్చుకుంటోందట. ముగ్గురమూ మాహూర్ గడ్ మీది అమ్మవారి గుడి దాకా పోయొద్దాం అని దేవకి వారం నుంచి పోరింది. ఎలాగూ అమ్మేసే బండి, గీత పడితే పడనీ అని భర్త రాజారాం మారుమాట లేకుండా తాళం ఇచ్చాడు. ఆ తొందర చూస్తే అనంతలక్ష్మికి ఒళ్ళు మండింది.

ముప్పై ఏళ్ళు రైల్వే పాసు మీద తిరిగిన ఇల్లది. అనంతలక్ష్మి కాశీ చూసింది, రామేశ్వరం చూసింది, పక్క తాలూకా చూడలేదు. కిన్వట్ అంటే ఆమెకు ప్లాట్‌ఫారం మాత్రమే. ఎర్ర బస్సు ఎక్కడమంటే ఆ ఇంట్లో నామోషీ. పాసు లేని వాళ్ళు ఎక్కే బండి అది. రైలు చూపించని ఊళ్ళు చూద్దామని రాజారాం రిటైరయ్యాక కారు కొన్నాడు, కొన్న ఏడాదే ఆయన చూపు మసకబారింది.

అప్పుడు అనంతలక్ష్మి పట్టుబట్టి నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. మొదటి రోజే గేటు స్తంభానికి గుద్దింది. గల్లీ అంతా బయటికొచ్చి నవ్వింది. ఆ తర్వాత ఆమె తాళం ముట్టలేదు. రేపు ఉమ్రి నుంచి ఎవరో వచ్చి కారు తీసుకుపోతాడు. పోతే పోనీ, పీడా విరగడైతది అని నోటితో అంది గానీ, పరదా కప్పిన ఆ కారు పక్కనుంచి నడిచినప్పుడల్లా ఆమెకు సిగ్గేసేది. ఇంత వయసొచ్చి ఒక్క బండిని అదుపు చేయలేకపోయానే అని లోపల కుమిలేది.

ఆ ఉక్రోషమంతా ఇవాళ దీపాలి మీద వెళ్ళగక్కుతోంది. మట్టి పట్టినా తెలియని రంగు పంజాబీ డ్రెస్సు వేసుకొచ్చినందుకు ఒకసారి, ప్రతి మలుపులో హారన్ కొట్టినందుకు ఒకసారి, గతుకు రాకముందే బ్రేకు తొక్కినందుకు ఒకసారి తిట్టింది. గోకుందలో చాయ్ తాగడానికి ఆగితే హోటలాయన దీపాలికి నమస్కారం పెట్టి, అడగకుండానే మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చాడు. అరటిపళ్ళ మనిషి కూడా పలకరించాడు. ఇల్లు పట్టకుండా ఊరూరా తిరిగే రకం కాబోలు అనుకుని అనంతలక్ష్మి మూతి విరిచింది.

ఘాట్ మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సరిగ్గా ఎత్తు మీద కారు ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. దీపాలి హ్యాండ్‌బ్రేక్ లాగి, స్టీరింగ్ వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాతోని కాదక్కా."

ఆ మాట అనంతలక్ష్మికి సూదిలా గుచ్చుకుంది. గేటు దగ్గర తానన్నది అచ్చం అదే మాట. ఇంకొకరి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో మొదటిసారి తెలిసింది.

"కాకపోతే ఏంది? ఈడనే కాపురం పెడుదమా? జరుగు. దిగు అవుతలికి."

భయం వేయలేదని కాదు. అయితే భయం కంటే కోపం ముందు నడిచింది. ఆమె అటు తిరిగి వచ్చి కూర్చుంది, అద్దం సరిచేసుకుంది, క్లచ్ మెల్లగా వదిలింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా ముందుకు కదిలింది. ఒక మలుపు దాటింది, ఇంకొకటి దాటింది. మూడో మలుపులో ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారిచ్చింది. లోయ వైపు చూడగలిగింది కూడా. ఎన్నేళ్ళకో ఆమెకు తన మీద తనకు గౌరవం కలిగింది.

మాహూర్‌లో బండి తిన్నగా నిలబెట్టి రాజారాంకు ఫోన్ చేసింది.

"ఉమ్రి ఆయన్ను రావద్దని చెప్పుండ్రి. కారు అమ్ముడు లేదు."

"సరే," అన్నాడాయన. ఎందుకని కూడా అడగలేదు ఆ మనిషి.

దర్శనం చేసుకుని, గడ్ మీద గాలికి నిలబడి, తెచ్చుకున్న రొట్టెలు తిన్నారు. దీపాలికి పనుందట, ఇక్కణ్ణుంచి బస్సులో దెగ్లూర్ వెళ్ళిపోతానంది. పోవడమే మేలు అనుకుంది అనంతలక్ష్మి. దిగేటప్పుడు ఘాట్‌లో పక్కన పిరికివాళ్ళు ఉంటే తన ధైర్యం చెడుతుంది. అయినా పాపం అనిపించి బస్‌స్టాండ్ దాకా తనే కారులో దింపింది.

దెగ్లూర్ బస్సు నిలబడి ఉంది. డ్రైవరు ఇంకా రాలేదని లోపల జనం విసుక్కుంటున్నారు.

"దీపాలీ, బుర్ర గిట్ల ఏమైన ఉంటే ఒక్క మాట ఇను," అంది అనంతలక్ష్మి. "కారు నీకు పడదు. పట్టుదల ఉంటే మాత్రం ముందు సీట్ల కూసో. డ్రైవరు గేరు ఎట్ల మారుస్తడో సూసి నేర్సుకో."

"అట్లనే అక్కా," అని దీపాలి బుద్ధిగా తల ఊపి, సంచీ భుజాన వేసుకుని బస్సు వైపు నడిచింది.

దేవకి ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీపాలి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది.