నలభై రెండో రోజు

పాన్‌గల్‌లో మీటింగ్ బాగానే జరిగింది. బాగా జరిగినందుకే డాక్టర్ మహేందర్‌కు మనసు బాగాలేదు.

పదేళ్లుగా ఆయన పరిశోధనంతా కాలేయం నుంచి పేగులోకి దిగే సన్నని పిత్తనాళం మీదే. కొందరు పసిపిల్లల్లో అది మూసుకుపోతుంది. కళ్లు పచ్చగా ఉండిపోతాయి, దొడ్డికి తెల్లగా వస్తుంది. అరవై రోజుల్లోపు ఆపరేషన్ చేస్తే బతికే ఆశ ఎక్కువ. ఈ సంగతే చెప్పి తల్లులకు రంగుల కార్డులు పంచాడు. బిడ్డ గుడ్డ మీది రంగును కార్డుతో పోల్చి చూసుకుంటే చాలు.

"మన దిక్కు దవాఖానలనే చిన్న డాక్టరుగ చేరి, గింత పెద్దోడైండు" అంటూ సర్పంచ్ శాలువా కప్పాడు. మహేందర్ ఆ శాలువాను ఎంత తొందరగా తీసేశాడో!

"పసరు మందులంటూ రోజులు పోగొట్టకండి" అని కూడా అన్నాడు మహేందర్. ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా తలలన్నీ ఒక్కసారే వెనక్కి తిరిగాయి. చివర కూర్చున్న జోగులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఆమెనే సార్, పదకొండేండ్ల కింద పసరు పోసి అంజమ్మ బిడ్డను పొట్టన పెట్టుకున్నది" అంది ఆశా కార్యకర్త ఉమ. "అయినా మనోళ్లకు బుద్ధి రాదు. పిల్లకు కండ్లు పచ్చవడితే ఇప్పటికీ సాటుంగ ఆమె గడపే తొక్కుతరు. ఆమెనే ఎల్లగొడ్తది. అవుగానీ సార్, గిన్ని ఊర్లుండంగ మొదలు మా ఊరికే ఎందుకొచ్చిన్రు?"

"ఆమె ఇల్లు చూపిస్తావా?" అన్నాడు మహేందర్.

జోగులమ్మ ఇంట్లో పసరు నూరే కల్వం బోర్లించి ఉంది. దాని మీద ఒక కోడి దర్జాగా కూర్చుంది.

"క్షమించమ్మా" అన్నాడు మహేందర్, గడప దాటకముందే.

"నువ్వేం జేసినవ్ సారూ? ఉన్నమాటే చెప్పినవ్."

అతను తల దించుకున్నాడు.

"మందు ఇవ్వొద్దమ్మా. గుడ్డ చూడు చాలు. తెల్లగా ఉంటే ఉమతో నాకు ఫోన్ చేయించు. నేను చెబితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. నువ్వు చెబితే వింటారు."

"నాతోని గాదు. నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు."

ఆమే చెప్పుకొచ్చింది.

"అంజమ్మ బిడ్డను తెచ్చిననాడు గుడ్డ చూసిన. సున్నం లెక్క ఉండె. గుడ్డ తెల్లగుంటె చెయ్యి పెట్టకు అని మా అత్త చెప్తుండె. ఇది నా మందుకు తగ్గదు, దవాఖానకు తీస్కపో అన్న. పోయిన్రు. ఆడున్న డాక్టరు ఏం గాదని చీటీ రాసిచ్చి పంపిండు. అంత సదువుకున్నోడే ఏం గాదన్నంక నేనెంత అనుకున్న. పసరు పోసిన. ఏడాది నిండకుండనే పాయె బిడ్డ."

వక్కాకు తిత్తిలోంచి నాలుగు మడతల చీటీ తీసి అతని చేతిలో పెట్టింది.

"అంజమ్మ నా మొకాన ఇసిరికొట్టి పోయింది. అప్పటిసంది దాసిన. సదువుమని ఎవర్నీ అడగలే, భయమాయె. నా కండ్లు తప్పు చూసినయా, ఆ డాక్టరు తప్పు చూసిండా? జర గది చెప్పు సారూ. అప్పుడు నువ్వన్నట్లె చేస్త."

మహేందర్ అక్కడే కూర్చున్నాడు. చీటీ వైపే తల వంచాడు.

"అంజమ్మ బిడ్డ. నలభై రెండు రోజులు. మామూలు కామెర్లు. రోజూ పొద్దున అరగంట ఎండ చూపించాలి. మందులు అక్కర్లేదు." తలెత్తి ఆమె వైపు చూశాడు. "దొడ్డి రంగు గురించి అడగనైనా లేదమ్మా ఆ డాక్టరు. ఇంకా పద్దెనిమిది రోజులు చేతిలో ఉన్నాయి. నీ కళ్లు తప్పు చూడలేదు."

జోగులమ్మ మొహం కప్పుకుని ఏడ్చింది. తనివితీరా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఏదీ, ఆ రంగుల కార్డు నాకొకటియ్యి" అని చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అంతసేపూ చదివి వినిపించిన ఆ చీటీ మడతను మహేందర్ ఇంకా విప్పనే లేదు.