గుండ్లరేవుకు పడవ

“తెరచాప కట్టు. పడవను గుండ్లరేవుకు తోలుకపో,” అంది ఆదెమ్మ.

ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్న తమ్ముడు ముత్యాలు తలెత్తి చూశాడు. పొద్దున్నే మొదటి బస్సు డ్రైవరు రోడ్డు మీద బండి ఆపి ఆమెను పిలిపించాడని విన్నాడు. ఏదో కబురు వచ్చి ఉంటుందనుకున్నాడు గానీ, ఆమె నోట ఈ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

“బావకు పంపుతున్నవా?”

“ఇంకెవనికి? గుండ్లరేవుల ఇంకెవరున్నరు నాకు?”

ముత్యాలుకు నవ్వు ఆగలేదు. గోదావరి ఎగువన గుండ్లరేవులో, ఆదెమ్మ మొగుడు పగిడయ్య తన చెల్లెలు సారక్క ఇంట్లో అలిగి కూర్చుని ఎండాకాలమంతా గడిచిపోయింది.

పడవ ఆదెమ్మది. వాళ్ల నాయన టేకుతో చేయించి పెళ్లినాడు బిడ్డకిచ్చాడు. ఆనాటి నుంచీ నడిపింది మాత్రం పగిడయ్యే. భద్రాచలం రేవుకు వెదురు చేరవేసినా, చింతపండు చేరవేసినా ఇందులోనే. ఎనభై ఆరు వరదలో ఇళ్ల కప్పులెక్కి కేకలు పెడుతున్న జనాన్ని తెచ్చి ఒడ్డున దింపిందీ ఇందులోనే. నది మీద లాంచీలు పెరిగేసరికి తెరచాప కొయ్య నరికించి ఇంజను పెట్టిస్తానన్నాడు. “మా నాయన నిలబెట్టిన కొయ్య మీద చెయ్యేస్తే చూడు,” అని ఆమె రేవులో అందరి ముందూ అరిచింది. “నడిపేది నేను, పెత్తనం నీదా? పడవ పంపిన్నాడే నీ గడప తొక్కుత,” అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ముత్యాలు ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

“ఇప్పటికన్న నీ మనసు కరిగింది. మంచిగైందక్కా.”

“కరగలే, మండుతాంది. నోరు మూసుకొని పని చూడు.”

ఆమె పడవలోకి దిగి, అందులో ఉన్న గంపలూ పాత వలలూ ఒడ్డు మీదికి విసిరేసింది. ఒక గంప ముత్యాలు మోకాలికి తగిలింది. బిందెలతో నీళ్లు కుమ్మరిస్తూ పలకలు కడిగింది.

“ఎట్లయిన పోతున్న గద, దుకాణపాయన ఉప్పు బస్తాలు నాలుగేసుకుంట,” అన్నాడతను.

“ఒక్క బస్తా ఎక్కినా ఊకోను. ఖాళీగనే పోవాలె.”

ఇంట్లోంచి కొత్త చాప తెచ్చి పలకల మీద పరిచింది. నలిగిన అంచును కాలితో తొక్కి సరిచేసింది.

“గింత మర్యాదనా! బావేమన్న రాజా?”

“అవ్, రాజే. ఆయన అలుగుతడు, మనమందరం పరుగులు పెట్టాలె.” ఆమె చుక్కానిని అరచేత్తో ఒకసారి తట్టింది. “వచ్చేటప్పుడు చుక్కాని నువ్వే పట్టు.”

“పట్టనిస్తడా? నన్ను నీళ్లల్ల తోస్తడు.”

“ఏమనడు.”

తెరచాప తాడును ఆమె ఎంత కసిగా లాగిందంటే అరచెయ్యి ఒరుసుకుపోయి ఎర్రబడింది. అది చూసి ముత్యాలుకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఇస్తే నవ్వుతూ ఇవ్వాలి, లేదంటే మానుకోవాలి. ఇంత విషం కక్కుతూ పంపితే ఆ మొండివాడు పడవెక్కుతాడా?

“అక్కా, తప్పంతా ఆయనదేనా? ఒక్కసారి నువ్వు పోయుంటే ఏం పోయేది? ఏ పడవ కనిపించినా లేసి నిలబడి చూస్తడంట. సారక్కే చెప్పింది.”

ఆదెమ్మ చేతిలో ఉన్న గడకర్రను పడవలోకి విసిరికొట్టింది. ఆ చప్పుడుకు రేవులో బట్టలుతికేవాళ్లు కూడా ఇటు తిరిగారు.

“ఆయనకు కాళ్లు లేవా? నా ఇంటి తొవ్వ మర్చిండా? పంతం, పంతం! ఆఖరికి ఆయనదే నెగ్గిచ్చుకున్నడు!”

“అయితే నువ్వు గూడ రా. ఇద్దరు పడవలనే కొట్టుకోండ్రి.”

“నాకు ఇంటికాడ పనున్నది.”

“పోనీ, బావకేం చెప్పాలె?”

“ఏం చెప్పకు.”

ముత్యాలు పడవెక్కి గడకర్ర అందుకున్నాడు. గాలి దిగువ నుంచి బాగా వీస్తోంది. కొంగ రెక్కలా తెరచాప విప్పుకుంది. పడవ కదిలింది. ఆదెమ్మ మాత్రం నడుము లోతు నీళ్లలోకి వచ్చి ఇంకా అంచు పట్టుకునే ఉంది. పడవతో పాటే నడుస్తోంది.

“వదులు!” ఉన్న కోపమంతా కక్కాడు ముత్యాలు. “నువ్వు రావు. ఒక్క మంచి మాట చెప్పవు. గా మొండిమనిషికి ఈ పడవెందుకు, ఈ చాపెందుకు? రోడ్డు లేదా? బస్సెక్కి రమ్మంటే మాపటికల్లా వచ్చి వాకిట్ల దిగడా?”

ఆమె వేళ్లు ఒక్కొక్కటే పడవ అంచును వదిలాయి. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

“శవాన్ని బస్సు ఎక్కనియ్యరు, తమ్మీ.”